పెట్టడం తేలికే... తీయడమే తంటా!

టీవీ చూద్దామని కంప్యూటర్లో ఓ కార్డు పెట్టారు. దాని డ్రైవర్‌ని తీసేయబోతే కంప్యూటరే కొయ్యబారిపోయింది. మౌస్ కదలదు, తెర మారదు. కీబోర్డు మీద రెండు లైట్లు మాత్రం అదేపనిగా కొట్టుకుంటున్నాయి. ఇంతకీ లోపల ఏం జరిగింది?

హాల్లో అమ్మకి సీరియల్. అదే సమయానికి కొడుక్కి క్రికెట్. ఇంట్లో ఉన్నది ఒక్కటే టీవీ. 2000 తర్వాత కొన్నేళ్లపాటు ఈ గొడవకి కంప్యూటర్ దుకాణాలు చూపించిన పరిష్కారం టీవీ ట్యూనర్ కార్డు. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్తే కంప్యూటర్‌కి కావాల్సిన సమస్తం దొరికినట్టే ఇదీ దొరికేది. సీపీయూ మూత తీసి కార్డు గుచ్చడం, కేబుల్ వైరుని రెండుగా చీల్చి ఒకటి దానికి తగిలించడం... అంతే, మానిటరే టీవీ!

విండోస్ ఉన్నవాళ్లు కార్డుతోపాటు ఇచ్చిన సీడీ వేసుకుంటే సరిపోయేది. చిక్కంతా లినక్స్ పెట్టుకున్న కుర్రాళ్లకే. అప్పటి చవక కార్డుల్లో చాలావాటి మీద ఉండేది బీటీ 878 అనే చిప్పే. లినక్స్‌లో దాన్ని నడిపే డ్రైవర్ పేరు బీటీటీవీ. చిప్ ఒకటే అయినా కార్డులు మాత్రం రకరకాలు. పేరున్న కంపెనీ కార్డయితే తానెవరో చెప్పుకుంటుంది. పేరూ ఊరూ లేని కార్డు చెప్పుకోలేదు. అప్పుడు ఆ పని మనిషి చేయాలి. డ్రైవర్‌తోపాటు వచ్చే జాబితాలో వందకు పైగా కార్డులుంటాయి, ఒక్కోదానికి ఒక్కో నంబరు. ఓ నంబరిచ్చి డ్రైవర్‌ని ఎక్కిస్తే బొమ్మ వస్తుంది, మాట రాదు. ఇంకోటిస్తే మాటా రాదు, బొమ్మా రాదు, తెరంతా చుక్కలే. దించు, మరో నంబరుతో ఎక్కించు. మళ్లీ దించు... ఓ సాయంత్రంలో ఇరవైసార్లు ఎక్కించి దించినవాళ్లూ ఉంటారు. అలా దించేటప్పుడే, ఏ పదకొండోసారో, కంప్యూటర్ చచ్చిపోయేది. పదిసార్లు మామూలుగా దిగిపోయిన డ్రైవరే!

డ్రైవర్ అంటే ఓ దుబాసీ. కార్డు భాష లినక్స్‌కి రాదు, లినక్స్ భాష కార్డుకి రాదు. మధ్యలో మాట చేరవేసేది ఇదే. కంప్యూటర్ నడుస్తుండగానే దీన్ని లోపలికి తేవచ్చు, అక్కర్లేనప్పుడు 'ఆర్‌ఎమ్‌మాడ్' అనే ఒక్క ఆదేశంతో బయటికి పంపొచ్చు. ఇదంతా జరిగేది కెర్నెల్‌లో. కెర్నెల్ అంటే గింజలో పప్పులాంటిది. కంప్యూటర్ మెమరీ, డిస్కు, తెర... అన్నిటి మీదా పెత్తనం దానిదే.

పాటలు వినిపించే ప్రోగ్రాం చెడిపోతే అదొక్కటే మూతపడుతుంది. మిగతావి క్షేమం. వాటి మధ్య కెర్నెల్ గోడలు కట్టి ఉంచుతుంది మరి. కానీ కెర్నెల్ లోపల అలాంటి గోడల్లేవు. గదులకు తలుపుల్లేని ఉమ్మడి కుటుంబం అది. డ్రైవర్ కూడా ఆ ఇంటి మనిషే. ఎవరి పెట్టెలో అయినా చెయ్యి పెట్టగలదు. అందుకే రెండొందల రూపాయల రిమోట్ కోసం రాసిన నాలుగు వాక్యాల్లో తప్పున్నా ఇల్లంతా కూలుతుంది.

లెక్క సున్నా... అయినా ప్రమాదమే!

దీనికి కట్టుదిట్టాలు లేవా అంటే, ఉన్నాయి. ఏ డ్రైవర్‌ని ఎంతమంది వాడుతున్నారో కెర్నెల్ లెక్క రాసుకుంటుంది. 'ఎల్‌ఎస్‌మాడ్' అని కొడితే ఆ అంకె కనిపిస్తుంది. టీవీ కిటికీ తెరిచి ఉండగా డ్రైవర్‌ని దించబోతే 'వాడకంలో ఉంది, కుదరదు' అనేస్తుంది. మరి లెక్క సున్నా అయ్యాక దించినా ఎందుకు కూలుతోంది? కొత్తవాళ్లని తికమకపెట్టేది ఇక్కడే. ఆ లెక్కలోకి వచ్చేది గుమ్మంలోంచి వచ్చిన అతిథులే. డ్రైవర్ తానే పెట్టుకున్న పనివాళ్లు అందులోకి రారు!

టీవీ కార్డుల రిమోట్ విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. కొన్ని కార్డుల్లో మీట నొక్కితే కబురు దానంతటదే కెర్నెల్‌కి చేరదు. 'ఎవరైనా నొక్కారా?' అంటూ వెళ్లి చూసి రావాలి. ఆ పని చేసే చిన్న డ్రైవర్ సెకనుకి పదిసార్లు చూసి వచ్చేది. దాని ఏర్పాటు ఎలా ఉండేదంటే... ఓ అలారం గడియారం, ఓ పనికుర్రాడు. అలారం మోగగానే కుర్రాడు లేస్తాడు, రిమోట్ దగ్గరికెళ్లి చూస్తాడు, తిరిగొచ్చి అలారానికి మళ్లీ కీ ఇచ్చి పడుకుంటాడు. సెకనులో పదోవంతు గడవగానే మళ్లీ మోత.

డ్రైవర్‌ని దించేటప్పుడు ఏం చేయాలి? పాత ప్రోగ్రాం పద్ధతిగానే చేసింది. ముందు అలారం ఆపింది. పనికుర్రాడు బయటికెళ్లి ఉంటే వచ్చేదాకా ఆగింది. వచ్చాక ఇల్లు ఖాళీచేసి, స్థలాన్ని కెర్నెల్‌కి అప్పగించింది. చూడ్డానికి తప్పేమీ లేదు. కానీ ఆ కుర్రాడు వస్తూనే, అలవాటు ప్రకారం, అలారానికి మళ్లీ కీ ఇచ్చాడు!

ఇక చెప్పేదేముంది... ఇల్లు లేదు, అలారం మాత్రం మోగింది. కెర్నెల్ ఆ పాత చిరునామాకి పరుగెత్తింది. అక్కడ ఈపాటికి వేరెవరో కాపురం పెట్టి ఉండొచ్చు, ఉత్త మట్టే ఉండొచ్చు. సరిగ్గా అలారం ఆపే క్షణానికి కుర్రాడు పనిమీద ఉంటేనే ఈ ముప్పు. లేకపోతే ఏమీ కాదు. పదిసార్లు బాగానే దిగి పదకొండోసారి కూలడంలోని రహస్యం ఇదే. ప్రోగ్రామర్లు దీన్ని 'రేస్' అంటారు, అంటే పరుగుపందెం. 2009లో ఈ లోపాన్ని సవరించారు. అలారాన్నీ పనినీ కలిపి ఒకే ఏర్పాటుగా మార్చారు. 'ఆగు' అన్నాక తిరిగి కీ ఇవ్వడం అందులో కుదరదు. మార్చిన వాక్యాలు కొన్నే. దొంగ ఎక్కడున్నాడో కనిపెట్టడంతో పోలిస్తే పట్టుకోవడం చిటికెలో పని.

గోడ సున్నం చెప్పిన సాక్ష్యం

ఆ కనిపెట్టడం ఎలా? కూలేముందు కెర్నెల్ ఓ మరణ వాంగ్మూలం ఇస్తుంది. కాస్త చిన్న ప్రమాదమైతే దాని పేరు 'ఊప్స్'. తప్పు చేసిన పనిని చంపేసి కుంటుకుంటూ అయినా నడుస్తుంది. అలారం మోతలాంటి కీలక ఘడియలో జరిగితే మాత్రం 'ప్యానిక్'. ఇక లేవదు. కీబోర్డు లైట్లు కొట్టుకునేది అప్పుడే. అసలు విషాదం ఏమిటంటే ఆ వాంగ్మూలం తెరమీద రంగురంగుల కిటికీల వెనక ఉండిపోతుంది. డిస్కులో రాసుకోవడానికా, రాసేవాడే పోయాడు.

అందుకే తెలిసినవాళ్లు ముందే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్1 మీటలు కలిపి నొక్కి నల్లతెర మీదికి వెళ్తారు. డ్రైవర్‌ని దించే ఆదేశం అక్కణ్నుంచే ఇస్తారు. కూలితే ఆఖరి వాక్యాలు తెరమీదే నిలిచిపోతాయి. కెమెరాతో ఫొటో తీసుకోవడమే. ఇంట్లో రెండో కంప్యూటర్ ఉంటే ఇంకా నయం. కెర్నెల్ మాటలన్నిటినీ నెట్‌వర్క్ వైరు మీదుగా ఎప్పటికప్పుడు దానికి పంపే 'నెట్‌కన్సోల్' అనే సదుపాయం ఉంది.

ఆ వాంగ్మూలంలో ముఖ్యంగా చూడాల్సింది ఏ డ్రైవర్‌లో ఉండగా ప్రాణం పోయింది, అంతకుముందు ఎవరు ఎవరిని పిలిచారు అన్నది. దాంతోపాటు ఓ తమాషా గుర్తు కూడా దొరుకుతుంది. కెర్నెల్‌లో తనిఖీ ఏర్పాటు ఒకటుంది. దాన్ని తయారీలోనే చేర్చుకుంటే, ఖాళీ అయిన మెమరీ నిండా '6బి' అనే అంకెని పూసేస్తుంది. అద్దెవాళ్లు వెళ్లగానే గోడలకి సున్నం కొట్టినట్టన్నమాట. కూలినప్పటి చిట్టాలో 6బి6బి6బి6బి అని కనిపించిందా... వేలికి సున్నం అంటినట్టే. ఎవరో ఖాళీ చేసిన ఇంటి గోడని తడిమారు!

రిమోట్ మీద అనుమానం ఉంటే దాని డ్రైవర్‌ని విడిగా ముందు దించి చూస్తారు. అక్కడే కూలితే దొంగ దొరికినట్టే. ఒక్కసారి దిగిందని సంబరపడితే లాభం లేదు. ఎక్కించడం దించడం వందసార్లు చేసే చిన్న ప్రోగ్రాం రాసి వదిలితేగానీ నమ్మకం కుదరదు.

ఇదంతా ఆడుతూపాడుతూ చేసే పని కాదు. మనం 'సేవ్' కొట్టిన ఫైలు కూడా వెంటనే డిస్కుకి చేరకపోవచ్చు. అరనిమిషం దాకా మెమరీలోనే ఉండొచ్చు. ఆ అరనిమిషంలో కెర్నెల్ పోతే, రేపు కాలేజీలో ఇవ్వాల్సిన ప్రాజెక్టు రిపోర్టూ దాంతోనే పోతుంది. డ్రైవర్‌ని దించేముందు 'సింక్' అనే నాలుగక్షరాల ఆదేశం కొట్టడం ఎందుకంటే ఇందుకే. మెమరీలో ఉన్నదంతా డిస్కుకి చేరాకే మిగతా పని.

నిజానికి కూలిపోవడమే నయం. ట్యూనర్ కార్డు సెకనుకి 25 బొమ్మల్ని నేరుగా మెమరీలో రాస్తుంటుంది. పూర్తి సైజులో అయితే సెకనుకి దాదాపు రెండు కోట్ల బైట్లు. డ్రైవర్ వెళ్తూ వెళ్తూ కార్డుని ఆపడం మరిచిపోతే? ఆ స్థలం ఇంకెవరికో ఇచ్చేశాక కూడా కార్డు బొమ్మలు గీస్తూనే ఉంటుంది. కంప్యూటర్ నడుస్తూనే ఉంటుంది, మన లెక్కలూ ఉత్తరాలూ మాత్రం చడీచప్పుడు లేకుండా పాడైపోతుంటాయి. అది బయటపడేసరికి కారణం గుర్తుపట్టే ఆధారం కూడా మిగలదు.

లినక్స్ కెర్నెల్‌ని తయారుచేసుకునేటప్పుడు 'డ్రైవర్లని దించే సదుపాయం కావాలా, వద్దా' అన్న ప్రశ్న ఇప్పటికీ ఉంది. వద్దంటే కెర్నెల్ చిన్నదిగా, సులువుగా ఉంటుంది. తీయడంలో ఎంత తంటా ఉందో దాన్ని రాసేవాళ్లకి బాగా తెలుసు.

హైదరాబాద్, విశాఖ కేబుల్ ప్రసారాలు డిజిటల్‌కి మారడానికి పెట్టిన గడువు 2013 మార్చి 31. ఆ మార్పుతో పాత కార్డులు అటకెక్కాయి. డ్రైవర్లని దించాల్సిన అవసరం మాత్రం పోలేదు. డిజిటల్ టీవీ కోసం చేసిన ఓ రకం యూఎస్‌బీ ముక్క మామూలు రేడియో తరంగాల్నీ పట్టగలదని 2012లో బయటపడింది. అప్పట్నుంచి దాంతో 1090 మెగాహెర్ట్జ్ మీద విమానాలు పంపే కబుర్లు వినేవాళ్లు దేశదేశాల్లో తయారయ్యారు. లినక్స్‌లో దాన్ని తగిలించగానే టీవీ డ్రైవర్ వచ్చి పట్టేసుకుంటుంది. విమానాల మాట వినాలంటే చాలాసార్లు ముందు ఆ డ్రైవర్‌ని దించాల్సిందే.

2017లో గూగుల్ పరిశోధకుడొకరు లినక్స్ యూఎస్‌బీ డ్రైవర్లలో 14 లోపాల్ని ఒకేసారి బయటపెడితే, వాటిలోనూ టీవీ ట్యూనర్ల డ్రైవర్లున్నాయి. ఇక అలారం సంగతంటారా... ఒకసారి మూసేశాక మళ్లీ ఎవరు కీ ఇచ్చినా తిరగని గడియారాన్ని కెర్నెల్‌లో చేర్చారు. అది 2023 ఫిబ్రవరిలో విడుదలైన 6.2తో వచ్చింది. అప్పటికి లినక్స్ పుట్టి ముప్ఫై ఒక్కేళ్లు!