పాత కార్బురేటర్ కార్లలో ఇంజను ఉష్ణోగ్రత – నాకింగ్: ఒక పరిశీలన

ప్రవేశిక

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో తయారైన అంబాసిడర్ కారు 2014 వరకు ఉత్పత్తిలో ఉంది. దాని పెట్రోలు నమూనాల్లో చిరకాలం వాడిన 1489 ఘన సెంటీమీటర్ల ఇంజను కార్బురేటరుతో పనిచేసేది. ఇటువంటి పాత ఇంజనులో, ఎండాకాలం కనుమదారి ఎక్కేటప్పుడు, ‘టకటక’మనే లోహపు చప్పుడు వినిపించవచ్చు. దీనినే నాకింగ్ అంటారు. ఇంజను వేడెక్కితేనే ఈ చప్పుడు వస్తుందనీ, ఉష్ణోగ్రత సూచిక ముల్లు మామూలు స్థానంలో ఉంటే భయం లేదనీ చాలామంది భావిస్తారు. ఈ అభిప్రాయంలో సగమే నిజం.

నాకింగ్ స్వరూపం

స్పార్క్ ప్లగ్ వద్ద పుట్టిన మంట సిలిండరులో క్రమంగా వ్యాపించాలి. ఆ క్రమంలో పెరిగే పీడనం, మంట ఇంకా చేరని మూలలోని పెట్రోలు–గాలి మిశ్రమాన్ని నొక్కి మరింత వేడెక్కిస్తుంది. మంట చేరేలోగా ఈ చివరి మిశ్రమం దానంతటదే అంటుకుంటే పీడన తరంగాలు పుట్టి పిస్టన్‌నూ సిలిండరు గోడలనూ కొడతాయి. చివరి మిశ్రమపు ఉష్ణోగ్రత, దానిపై పీడనం, అది ఆ స్థితిలో ఉండే కాలం, పెట్రోలు ఆక్టేన్ విలువ – ఈ నాలుగూ కలిసి నాకింగ్‌ను నిర్ణయిస్తాయి.

ఉష్ణోగ్రత పాత్ర

సిలిండరులోకి వచ్చే మిశ్రమం కొంచెం వేడిగా ఉన్నా, కుదింపు ఆ తేడాను పెంచుతుంది. కుదింపు నిష్పత్తి 8 అనుకుంటే, 57 డిగ్రీల సెల్సియస్ వద్ద లోనికి వచ్చిన మిశ్రమం కుదింపు చివర దాదాపు 343 డిగ్రీలకు చేరుతుంది. అదే 77 డిగ్రీల వద్ద వస్తే దాదాపు 380 డిగ్రీలకు చేరుతుంది. అంటే 20 డిగ్రీల తేడా 37 డిగ్రీలవుతుంది. అంబాసిడర్ ఇంజనులో మిశ్రమాన్ని తెచ్చే గొట్టమూ, పొగ బయటికి పోయే గొట్టమూ ఒకే పక్కన ఉంటాయి. అందువల్ల ఎండాకాలపు గాలి లోపలికి చేరేలోగా ఇంకా వేడెక్కుతుంది.

ముల్లు చెప్పని సంగతి

సూచిక కొలిచేది రేడియేటరు నీటి వేడిని మాత్రమే. సిలిండరు లోపలి మసి పొర వేడిని పట్టి ఉంచినా, ఇగ్నిషన్ టైమింగ్ అతిగా ముందుకు జరిగినా, ముల్లు కదలకుండానే నాకింగ్ మొదలుకావచ్చు. పైగా ఆ పీడన తరంగాలు గోడలను అంటిపెట్టుకొని రక్షించే పలుచని వాయుపొరను చెదరగొడతాయి. అప్పుడు లోహంలోకి, దాని ద్వారా నీటిలోకి వేడి ఎక్కువగా చేరుతుంది. వేడెక్కిన గోడలు తరువాతి మిశ్రమాన్ని ఇంకా వేడి చేస్తాయి. ఈ విధంగా వేడి నాకింగ్‌కు కారణమూ అవుతుంది, ఫలితమూ అవుతుంది. ఈ చక్రం ఆగకపోతే హెడ్ గాస్కెట్ పోవచ్చు, పిస్టన్ దెబ్బతినవచ్చు.

నివారణ

ఆధునిక కార్లలో నాకింగ్‌ను పసిగట్టే సెన్సర్ ఉంటుంది. కంప్యూటర్ వెంటనే టైమింగ్‌ను వెనక్కు జరుపుతుంది. పాత కారులో ఆ పని డ్రైవరు చెవి చేయాలి. చప్పుడు వినగానే యాక్సిలరేటరు తగ్గించి కింది గేరు వేయడం మంచిది. దానివల్ల ఇంజనుపై భారం తగ్గుతుంది. వేగం పెరగడంతో చివరి మిశ్రమానికి దానంతటదే అంటుకునేంత వ్యవధి ఉండదు. ఇంజనే తిప్పే ఫ్యాను, నీటి పంపు కూడా వేగంగా తిరుగుతాయి.

టైమింగ్‌ను వెనక్కు జరిపితే నాకింగ్ తగ్గుతుంది. అయితే అతిగా జరిపితే మంట ఆలస్యమై పొగ వేడెక్కి, నీటి ఉష్ణోగ్రత పెరుగుతుంది. థర్మోస్టాట్ తీసివేయడమూ సరైన మార్గం కాదు. చల్లని ఇంజనులో పెట్రోలు సరిగా ఆవిరి కాదు, సిలిండర్లు త్వరగా అరిగిపోతాయి. రేడియేటరు, మసి, టైమింగ్, కార్బురేటరు – ఈ నాలుగింటినీ కలిపి పరీక్షించాలి. తాళం తీసిన తరువాత కూడా ఇంజను కొట్టుకుంటూ తిరగడం నాకింగ్ కాదు; లోపలి వేడికి స్పార్క్ లేకుండానే పెట్రోలు అంటుకోవడం వల్ల అలా జరుగుతుంది.

ముగింపు

నీటి ఉష్ణోగ్రతకు నాకింగ్‌తో సంబంధం ఉంది కానీ అది నాకింగ్‌కు కొలమానం కాదు. ముల్లు ఎర్రగీత చేరేసరికి నష్టం మొదలై ఉండవచ్చు. చప్పుడు అంతకు ముందే హెచ్చరిస్తుంది. పాత ఇంజను ఆయుష్షు, ఆ హెచ్చరికను ఎంత త్వరగా గుర్తించి స్పందిస్తారన్న దానిపై ఎంతో ఆధారపడి ఉంటుంది.