నెక్స్ట్ ఫ్రైడే ఏ శుక్రవారము?

బెంగుళూరునందు, వైట్‌ఫీల్డు మొదలు ఎలక్ట్రానిక్ సిటీ వఱకు గల కార్యాలయములలో, మంగళవారమునాడు పై అధికారి ‘నెక్స్ట్ ఫ్రైడే మీటింగు’ అని సెలవిచ్చినచో, కొందఱు మూడునాళ్లకును, కొందఱు పదినాళ్లకును సిద్ధపడుట కద్దు. అందు పొరపడినవాడు తెలుగువాడైనచో, ఆంగ్లము చాలక భ్రమపడెనని ఇతరులు తలంచుటయు, తానును అట్లే తలంచి సిగ్గుపడుటయు మొదటి అపోహ. వాస్తవమేమన, ఆ భాషను ఉగ్గుపాలతో నేర్చినవారే దాని అర్థమునుగూర్చి నేటికిని వాదులాడుచున్నారు.

మీటింగును ‘ఫార్వర్డ్’ జరిపితిమనుట ఇంకను చిత్రము. బుధవారపు సమావేశము రెండుదినములు ఫార్వర్డ్ జరిగినచో అది ఏనాడని లీరా బొరొడిట్స్కీ, మైకేల్ రామ్స్కార్ అను మనశ్శాస్త్రజ్ఞులు ఆంగ్లభాషులనే ప్రశ్నింపగా, కాలము తమవైపు వచ్చుచున్నదని భావించినవారు సోమవారమనియు, తామే కాలమున ముందుకు సాగుచున్నామని భావించినవారు శుక్రవారమనియు బదులిచ్చిరి. 2002లో ప్రకటితమైన ఆ వ్యాసము ననుసరించి, అప్పుడే విమానము దిగినవారు, ఎవరికొఱకో ఎదురుచూచుచు నిలిచినవారికన్న ఎక్కువగా శుక్రవారమనిరట! ప్రయాణము మనుష్యుని పంచాంగమును సైతము కదల్చునన్నమాట.

ఇట్టి సందేహమునకు తావీయని ‘ప్రీపోన్’ను మన గుమాస్తాలు పుట్టించిన వికృతియని పరిహసించుట తగదు, 1913లోనే న్యూయార్క్ టైమ్స్ పత్రికకు వ్రాసిన లేఖలో ఒకాయన, ‘పోస్ట్‌పోన్’కు ప్రతిగా ఆ మాటను ప్రతిపాదించియున్నాడు. నిఘంటువు చూచిన చిక్కు వీడుననుటయు భ్రమయే: ‘బైవీక్లీ’కి వారమునకు రెండుమార్లనియు, రెండువారముల కొకమారనియు రెండర్థములును అందే కలవు. ఇక అంకెలు నిష్కపటములని నమ్మువారు 5/6 అను తేదీని చూతురుగాక. ఇచట అది జూన్ 5, అమెరికాలో మే 6. ఈ తగవు తీర్చుటకే, ముందు సంవత్సరము, పిదప నెల, తుదను దినము వ్రాయవలెనని 1988లో ఐఎస్ఓ 8601 ప్రమాణము వెలువడినను, దానిని మన్నించునవి యంత్రములే కాని మనుష్యులు తక్కువ.

అన్నిటికన్న సొమ్ము తీయు అపోహ మారతహళ్లి బస్సులయొద్ద కనబడును. సూర్యోదయముతోగాని వారము మారదని పంచాంగము నేర్పినందున, రాత్రి 12 దాటినను మనకది శుక్రవారపు రాత్రియే. టిక్కెట్టునకు మాత్రము శనివారము. కావున శుక్రవారము రాత్రి 12.15కు ఊరికి బయలుదేరదలచి శుక్రవారపు తేదీతో టిక్కెట్టు కొన్నవాడు పెట్టెతో వచ్చి నిలుచునప్పటికి, ఆ బస్సు గురువారము రాత్రియే వెడలిపోయియుండును.