మీకు తెలుసా? బీడీ పొగ ఆక్సీమీటర్‌ను ఏమారుస్తుంది

కరోనాకు ముందు పల్స్ ఆక్సీమీటర్ అంటే ఆపరేషన్ థియేటర్లలో, ఐసీయూల్లో ఉండే పరికరం. జపాన్ ఇంజినీరు తకువో అయోయాగి 1970ల మొదట్లో దాని సూత్రాన్ని కనిపెట్టారు. లోకమంతా ఆ పరికరం కోసం మందుల షాపుల చుట్టూ తిరుగుతున్న రోజుల్లోనే, 2020 ఏప్రిల్ 18న, ఆయన కన్నుమూశారు.

ఇళ్లలోకి అది రావడానికి కారణం కరోనా చూపిన వింత లక్షణం. కొందరికి ఆయాసమేమీ ఉండదు, మామూలుగానే మాట్లాడుతుంటారు. రక్తంలో ఆక్సిజన్ మాత్రం పడిపోతూ ఉంటుంది. అందుకే '94 కంటే తగ్గితే డాక్టరుకు చెప్పాలి' అన్న మాట పల్లెపల్లెకూ పాకింది. గిరాకీతో పాటు ధరలూ పెరగడంతో 2021 జులై 20 నుంచి కేంద్రం ఆక్సీమీటర్, బీపీ మిషన్, గ్లూకోమీటర్, నెబ్యులైజర్, డిజిటల్ థర్మామీటర్ల మీద వ్యాపారుల మార్జిన్‌ను 70 శాతానికి కట్టడి చేసింది.

ఇంటి దగ్గరే పరీక్ష అన్న పద్ధతి కరోనాతో ఆగిపోలేదు. 2022 మార్చి 5న తెలంగాణ హెల్త్ ప్రొఫైల్ ప్రయోగాత్మకంగా మొదలైంది ములుగు, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లోనే. 18 ఏళ్లు నిండినవాళ్ల ఆరోగ్య వివరాలు ఇంటింటికీ తిరిగి నమోదు చేశారు.

ఇక అసలు సంగతి. ఆక్సీమీటర్ వేలి గుండా ఎర్ర కాంతిని, కంటికి కనిపించని పరారుణ కాంతిని పంపి, రక్తం ఏ కాంతిని ఎంత పీల్చుకుందో లెక్కగడుతుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటే ఆ రక్తం కూడా ఎర్రగానే ఉంటుంది. దాన్ని కూడా మిషన్ ఆక్సిజన్ కిందే లెక్కేస్తుంది! జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో బీడీలు చుట్టి ఇల్లు నడిపే ఆడవాళ్లు వేలల్లో ఉన్నారు. ఆ ఇళ్లల్లో బీడీ కాల్చే పెద్దలుంటే ఈ సంగతి తప్పకుండా తెలియాలి: అప్పుడే కాల్చిన మనిషికి మిషన్ చూపే అంకె, ఉన్న ఆక్సిజన్ కంటే కొంత ఎక్కువే కావొచ్చు.

గోళ్ల రంగు, నల్ల మైదాకు, చల్లబడ్డ వేళ్లు కూడా లెక్క తప్పిస్తాయి. రంగు తీసేసి, చేతులు రుద్దుకొని, కదలకుండా కూర్చొని చూడాలి. అంకె 97 ఉన్నా ఆయాసం తగ్గకపోతే దవాఖానకు పోవాల్సిందే.