జ్వరం లేకున్నా జబ్బే!
వృద్ధుల్లో వైరల్‌ శ్వాసకోశ వ్యాధికి తికమకే తొలి సంకేతం కావచ్చు

మిరప కోతలు మొదలైతే గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో పగలు ఇంటిపట్టున మిగిలేది వృద్ధులే. కల్లాల్లో ఆరబోసిన మిర్చి ఘాటుకు దగ్గు, తుమ్ములు సహజం. ఆ దగ్గుల్లోనే అసలైన జబ్బు దగ్గు కలిసిపోతోంది. ‘ఒళ్లు కాలడం లేదు కదా’ అని ఇంటివారు ఊరుకుంటే ప్రాణాల మీదకు వస్తుంది.

గుర్తించడం ఎలా?

ఇన్‌ఫ్లూయెంజా, కొవిడ్‌, ఆర్‌ఎస్‌వీ వంటి వైరస్‌లు సోకితే యువకులకు సాధారణంగా జ్వరం, ఒళ్లునొప్పులు, గొంతునొప్పి వస్తాయి. 65 ఏళ్లు దాటినవారిలో రోగనిరోధక స్పందన మందగిస్తుంది కనుక జ్వరం రాకపోవచ్చు. వారి సాధారణ ఉష్ణోగ్రత కూడా కొంత తక్కువే. రోజూ ఉండేదానికంటే రెండు డిగ్రీల ఫారన్‌హీట్‌ పెరిగినా జ్వరంగానే భావించాలి. కీళ్లనొప్పులకు వాడే మాత్రలు సైతం జ్వరాన్ని కప్పిపుచ్చుతాయి.

అన్నం సహించకపోవడం, మంచం దిగలేకపోవడం, తూలి పడిపోవడం, అయినవారిని పోల్చుకోలేకపోవడం వంటి లక్షణాలే ముందు కనిపించవచ్చు. ఒకటి రెండు రోజుల్లో వచ్చిపడిన తికమకను వైద్యులు ‘డెలీరియం’ అంటారు. ఇది వృద్ధాప్యపు మతిమరుపు కాదు. కొందరు కేకలు వేస్తారు. మరికొందరు పలకక మగతగా పడి ఉంటారు. ఈ రెండో రకాన్నే ఎక్కువగా పొరబడతారు. న్యుమోనియా తీవ్రతను అంచనా వేసే ‘కర్బ్‌-65’ కొలమానంలోని అయిదు అంశాల్లో తికమక ఒకటి.

పాత జబ్బు ముసుగులో...

ఉబ్బసం, గుండె జబ్బు, మధుమేహం ఉన్నవారిలో వైరస్‌ ఆ జబ్బులనే ముదిరిస్తుంది. ఫ్లూ సోకిన తొలి వారంలో గుండెపోటు ముప్పు పెరుగుతుంది. ఏళ్ల తరబడి కట్టెల పొగ, జిన్నింగ్‌ మిల్లుల్లోని పత్తి ధూళి పీల్చినవారి ఊపిరితిత్తులు ముందే బలహీనపడి ఉంటాయి.

2020లో కొవిడ్‌ నేర్పిన పాఠం మరొకటి. ఆయాసం లేకుండానే రక్తంలో ఆక్సిజన్‌ పడిపోవచ్చు. పల్స్‌ ఆక్సీమీటర్‌లో 94 కంటే తగ్గినా, నిమిషానికి శ్వాసలు 24కు చేరినా ఆసుపత్రికి తరలించాలి.

ఆసుపత్రిలో...

ముక్కు, గొంతు నుంచి తీసిన నమూనాతో వైరస్‌ను నిర్ధారిస్తారు. ఫ్లూ అయితే ఒసెల్టామివిర్‌ను 48 గంటల్లోపు మొదలుపెట్టడం మేలు. ఆసుపత్రిలో చేరినవారికి ఆలస్యమైనా ఇస్తారు. వైరస్‌పై యాంటీబయాటిక్‌లు పనిచేయవు. బ్యాక్టీరియా తోడైతేనే అవి అవసరం. తుంటి ఎముక విరిగి చేరిన వృద్ధురాలు మూడో రోజున తికమకపడితే వార్డులోనే వైరస్‌ సోకిందేమో చూడాలి. జలుబు ఉన్నవారు పరామర్శకు వెళ్లకపోవడమే పెద్దలకు చేసే మేలు.

ఫ్లూ వైరస్‌ రూపం మారుతుంటుంది కనుక వృద్ధులు వైద్యుల సలహాతో ఏటా టీకా వేయించుకోవాలి. ‘పెద్దాయనకు చాదస్తం పెరిగింది’ అనుకునే ముందు, ఆ మార్పు నిన్న మొన్న వచ్చిందా అని ఇంటివారు ఒక్కసారి గుర్తుచేసుకోవాలి.