పచ్చిక కోసే ఇంజనుతో పందెం!

పచ్చిక కత్తిరించే యంత్రానికీ, రేసు బండికీ ఏమిటి సంబంధం అంటారా? ఉంది! 1956లో కాలిఫోర్నియాలో రేసు కార్లు తయారుచేసే ఆర్ట్ ఇంగెల్స్, మిత్రుడు లూ బొరెల్లితో కలిసి గొట్టాలతో ఓ చట్రం అతికి, పచ్చిక యంత్రాలకి వాడే రెండున్నర హార్స్‌పవర్ ఇంజను బిగించాడు. పైకప్పు లేకుండా, నేలని ఆనుకున్నట్టుండే ఆ బుల్లి బండే తొలి కార్టు.

నేటికీ చాలామంది నీటి పంపులకి వాడే 196 సీసీ హోండా జీఎక్స్200 లాంటి ఇంజన్లనే కార్టులకి మలుచుకుంటారు. నిమిషానికి సుమారు 3,600 చుట్లు దాటనివ్వకుండా వీటిలో గవర్నర్ ఉంటుంది. పందెం కోసం దాన్ని తీసేస్తారు. చిక్కంతా అక్కడే! కుట్టుమిషను చక్రంలా తిరిగే ఫ్లైవీల్ అంత వేగానికి తట్టుకోలేక ముక్కలై తూటాల్లా ఎగరొచ్చు. అందుకే తెలిసినవాళ్లు ముందు గట్టి ఫ్లైవీల్, కనెక్టింగ్ రాడ్ వేశాకే గవర్నర్ జోలికెళతారు.

పిల్లల పోటీల్లో ఇందుకు పూర్తిగా తలకిందులు. ఇంజనుకి గాలి వెళ్లే దారిలో చిన్న రంధ్రమున్న రేకు అడ్డుపెట్టి జోరు తగ్గిస్తారు.

ఇదంతా మగవాళ్ల వ్యవహారమనుకోకండి. అమెరికాలో 1992లో పదేళ్లకే కార్టు ఎక్కిన డానికా పాట్రిక్, 2008లో జపాన్‌లో ఇండీకార్ రేసు గెలిచిన తొలి మహిళ అయింది. మీ అమ్మాయి కార్టింగ్ అంటే సరదా పడితే కాదనకండి. హెల్మెట్ పెట్టి ఊరుకోక, ఇంజనులో ఏమేం మార్చారో కూడా అడిగి తెలుసుకోండి.