ఓటు లేకున్నా వెళ్లి నిలబడ్డాం

డబ్లిన్ (కాలిఫోర్నియా): శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి తూర్పుగా వచ్చే బార్ట్ రైలు ఆఖరి స్టేషన్ దగ్గర ఉంటుంది మా డబ్లిన్. ఒకప్పటి గడ్డి కొండల మీద ఇప్పుడు వరసగా కొత్త ఇళ్లు. ఆ పునాదుల దగ్గర, శ్లాబుల దగ్గర తిరిగేవాళ్లం మేము. పర్మిట్ పని మీద తప్ప సిటీ హాలు మెట్లెక్కింది లేదు. ఒక్కసారి మాత్రం జెండా కోసం వెళ్లాం.

2019 మే నెల. ప్రైడ్ మాసం సందర్భంగా సిటీ హాలు వద్ద ఇంద్రధనుస్సు జెండా ఎగరేయాలన్న ప్రతిపాదన కౌన్సిల్ ముందుకొచ్చింది. తాను గేనని దాచుకోకుండా చెప్పిన సభ్యుడు షాన్ కుమగాయ్ దాన్ని ముందుకు తెచ్చారు. 3-2 ఓట్లతో వీగిపోయింది.

మర్నాడు లంచ్‌లో మేము దాని మీద జోకులేసుకున్నాం. మాలో ఒక కుర్రాడు టిఫిన్ బాక్సు మూసేసి లేచిపోయాడు. సాయంత్రం కారులో అన్నాడు: "అన్నా, మీరు నవ్వింది నన్ను చూసే. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. నాకు ఇక్కడ తోడున్నాడని ఎట్లా చెప్పేది?" మాకు నోట మాట రాలేదు. కాసేపయ్యాక "మళ్లీ మీటింగుంది, వస్తారా?" అని అడిగాడు.

భయం సంగతి

ఓటు లేనివాళ్లం, వీసా మీదున్నవాళ్లం, మనకెందుకు అనిపించిన మాట నిజం. కానీ కాలిఫోర్నియాలో బ్రౌన్ చట్టం ప్రకారం కౌన్సిల్ సమావేశానికి ఎవరైనా వెళ్లొచ్చు, మాట్లాడొచ్చు. పేరు చెప్పాలన్న నిర్బంధం కూడా లేదు. వెళ్లాం. మైకు ముందుకు పోలేదు, అతని పక్కన నిలబడ్డాం, అంతే. జూన్‌లో అదే కౌన్సిల్ మనసు మార్చుకుంది, జెండా ఎగిరింది. అది మా గొప్ప కాదు. పనులు మానుకుని వచ్చి ధైర్యంగా మాట్లాడిన ఊరివాళ్లది.

కాగితం విలువ

ఈ రాష్ట్రంలోనే 2008లో జనం ఓటేసి స్వలింగ జంటల పెళ్లిళ్లు ఆపించారు. 2013 జూన్ 26న సుప్రీంకోర్టు తీర్పులతో ఇక్కడ ఆ పెళ్లిళ్లు మళ్లీ మొదలయ్యాయి. అప్పటినుంచే వీసా, గ్రీన్‌కార్డు లెక్కల్లో వాళ్లూ భార్యాభర్తలతో సమానమయ్యారు. 2015లో ఆ హక్కు దేశమంతటికీ వచ్చింది. 2024లో కాలిఫోర్నియా ఓటర్లే పాత నిషేధాన్ని రాజ్యాంగంలోంచి కొట్టేశారు.

మన దగ్గర 2018లో 377 సెక్షన్ నుంచి ఊరట దొరికింది గానీ పెళ్లికి గుర్తింపు రాలేదు. ఆ కేసులో ముందు నిలబడ్డ సుప్రియో, అభయ్ మన హైదరాబాద్ జంటే. 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు కాదంది. కాబట్టి హైదరాబాద్‌లో ఎంత ఘనంగా వేడుక చేసుకున్నా ఇక్కడ డిపెండెంట్ వీసాకు ఆ పెళ్లి పనికిరాదు. పెళ్లి జరిగిన చోట చట్టం దాన్ని ఒప్పుకోవాలి మరి.

భార్య స్టాంపింగ్ ఆగిపోతే నిద్రపట్టని రాత్రులు మనలో ఎందరికి తెలియవు? ఆ బాధ జీవితాంతం ఉంటే ఎలా ఉంటుందో ఆలోచించండి.

మా తమ్ముడు ఇంకా ఇంట్లో చెప్పలేదు. ఎప్పుడు చెప్పాలో అతని ఇష్టం. లంచ్‌లో మాత్రం ఇప్పుడు ఆ జోకులు లేవు. మీ రూములో, మీ సైటులో కూడా అలాంటి తమ్ముడు ఉండే ఉంటాడు. నవ్వే ముందు ఒకసారి పక్కకు చూడండి.