రన్‌వే తిరగదు, గాలి తిరుగుతుంది

సంక్రాంతికి శాలిబండ డాబాల మీద పతంగులు ఎగరేసే కుర్రాళ్లకు గాలి ఎటు వీస్తోందో ఎవరూ చెప్పక్కర్లేదు. మాంజా లాగుతుంటే వేళ్లకే తెలిసిపోతుంది. చార్మినార్‌కు ఉత్తరాన సుమారు పది కిలోమీటర్ల దూరంలో, బేగంపేటలో దిగే శిక్షణ విమానానికీ అదే గాలి. కాకపోతే పతంగి గాలి ఎటుంటే అటు తిరుగుతుంది. రన్‌వేకి ఆ వీలు లేదు.

నిజాం ఏలుబడిలో 1930లలో మొదలైన బేగంపేట విమానాశ్రయం రన్‌వే తూర్పు పడమరలుగా ఉంటుంది. దాని రెండు కొసల్లో రాసిన 09, 27 అంకెలకు అర్థం దిక్సూచిలో 90, 270 డిగ్రీలని. చలికాలంలో తూర్పుగాలి, వానాకాలంలో పడమటిగాలి ఎక్కువ కాబట్టి ఆ అమరిక సబబే. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు తరలిపోయినా పైలట్ శిక్షణ ఇక్కడ సాగుతూనే ఉంది.

చిక్కల్లా నైరుతి మూల నుంచి వచ్చే గాలితోనే. అది 20 నాట్లు, అంటే గంటకు 37 కిలోమీటర్ల వేగంతో వీస్తే, విమానాన్ని పక్కకు తోసే వాటా 14 నాట్లు. సెస్నా 152ను 12 నాట్ల పక్కగాలిలో, సెస్నా 172ను 15 నాట్లలో దించి చూపించామని వాటి పుస్తకాలు చెబుతాయి. అవి ఆరితేరిన టెస్ట్ పైలట్లు చేసి చూపిన అంకెలు. మొన్ననే ఒంటరిగా ఎగరడం మొదలుపెట్టిన కుర్రాడికి అందులో సగమే ఎక్కువంటాను.

చిన్న విమానం అనగానే మనవాళ్లకు 2004 ఏప్రిల్ 17, నటి సౌందర్య గుర్తొస్తారు. బెంగళూరు జక్కూరులో ఆమె ఎక్కిన సెస్నా ఎగిరిన కాసేపటికే కూలింది. పక్కగాలిలో దిగేటప్పుడు జరిగే ప్రమాదాలు చాలావరకు వేరే రకం: విమానం రన్‌వే దాటి గడ్డిలోకి పోతుంది, ప్రొపెల్లర్ వంగుతుంది, రెక్క నేలకు రాసుకుంటుంది.

ప్రాణం మీదికి వచ్చేది అంతకుముందు, చివరి మలుపులో. పడమటి ముఖంగా దిగడానికి ఎడమ మలుపులతో వస్తున్న విమానాన్ని నైరుతి గాలి వెనక నుంచి తోస్తుంది. రన్‌వే గీత దాటిపోతుంది. కంగారులో పైలట్ కాలితో ఎడమ రడ్డర్ (తోకలోని చుక్కాని) తొక్కి ముక్కును బలవంతంగా తిప్పుతాడు, కంట్రోల్‌ను వెనక్కి లాగుతాడు. లోపలి వైపు రెక్క ముందుగా పట్టు కోల్పోతుంది. ఐదారు వందల అడుగుల ఎత్తులో సర్దుకునే వ్యవధి ఉండదు.

మలుపు సవ్యంగా తిరిగినవాడు ఎడమ రెక్కను కాస్త వంచి, కుడి రడ్డర్‌తో ముక్కును రన్‌వేకి నేరుగా నిలుపుతాడు. ముందు ఎడమ చక్రం ఆనుతుంది, తర్వాత కుడిది, ఆఖరున ముక్కు చక్రం. సరిగ్గా అక్కడే చాలామంది ఊపిరి పీల్చుకుని చేతులు వదులు చేస్తారు. గాలి ఊరుకోదుగా! నిటారుగా ఉన్న తోకను పట్టి నెడుతుంది, ముక్కు ఎడమకు తిరుగుతుంది, గాలి వైపు రెక్క లేస్తుంది. వేగం తగ్గేకొద్దీ రెక్కల అంచున కదిలే ఏలరాన్ల పట్టు సడలుతుంది కాబట్టి కంట్రోల్‌ను గాలి వైపు ఇంకా ఇంకా తిప్పాలి, టాక్సీ వేగానికి వచ్చేసరికి పూర్తిగా.

కుదరదనిపిస్తే ఫుల్ పవర్ ఇచ్చి మళ్లీ లేవాలి. అప్పుడు ఇంజిన్ లాగుడుకు ముక్కు ఎడమకే పోతుంది కనుక కుడి కాలు సిద్ధంగా ఉండాలి. ఊళ్లోనే ఇంకోచోట దిగుదామన్నా లాభం లేదు. హకీంపేట, శంషాబాద్ రన్‌వేలూ తూర్పు పడమరలే. గాలి నెమ్మదించే దాకా ఆగడమే దారి. పొద్దున పూట నేల దగ్గర గాలి మెత్తగా ఉంటుంది కాబట్టి, కొత్తవాళ్లను తెల్లవారాక తొలి గంటల్లోనే ఎగరనివ్వడం మేలు.